గ్రూపు ఫొటోలో పేరు లేని మనిషి

పొలం ఉన్నవాళ్ల చరిత్ర వెతకడం తేలిక. అడంగల్లో పేరుంటుంది, రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు ఉంటుంది, తగాదా కోర్టుకెక్కితే మూడు తరాల వంశవృక్షం దావా కాగితాల్లోనే దొరుకుతుంది. సెంటు భూమి లేనివాళ్ల సంగతేమిటి? ఫొటోతో ఓటరు గుర్తింపు కార్డు ఇవ్వడం మొదలైందే 1993లో. అంతకుముందు పోయినవాళ్ల ముఖాలు నాకు దొరుకుతున్నది హైస్కూలు టీముల గ్రూపు ఫొటోల్లో. కరణంగారబ్బాయి, జట్కాబండి తోలే ఆయన కొడుకు, సాయిబుగారి పిల్లవాడు భుజం భుజం ఆనించి కూర్చున్నది కప్పు గెలిచిన రోజునే. ఏ పెళ్లి ఫొటోలోనూ ఆ ముగ్గురూ పక్కపక్కన కనబడరు. అందుకే మా కృష్ణా జిల్లాలో ఎవరింటికి వెళ్లినా "మీ తాతగారు బడిలో ఏమైనా ఆడేవారా అండీ?" అని అడుగుతుంటాను.

ఫొటోలు ఎక్కువగా దొరికేది సొంత ఇంట్లో కాదు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టినప్పుడు అటక మీది సామానంతా పోతుంది. అత్తవారింటికి వెళ్లిన ఆడపడుచు మాత్రం అన్నయ్య ఫొటో పారేయదు. దివిసీమలో 1977 నవంబరు 19 ఉప్పెనకు ఇళ్లకు ఇళ్లే కొట్టుకుపోయాయి. ఆ ఊళ్ల ఫొటోల కోసం విజయవాడలోనో హైదరాబాదులోనో స్థిరపడ్డ మేనత్తల దగ్గరికి వెళ్లాలి.

ఫొటో చేతికి వచ్చాక నేను ముఖాల జోలికి చివర్న వెళతాను. ముందు రాతలు. బోర్డు మీద 'జిల్లా బోర్డు హైస్కూలు' అని ఉంటే చాలావరకు 1959కి ముందుది. ఆ ఏడాదే పంచాయతీరాజ్ వచ్చి జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి. ఏలూరు బడి పేరు కింద కృష్ణా జిల్లా అని ఉంటే కంగారు పడనక్కర్లేదు, 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడేదాకా ఏలూరు ఇటే ఉండేది. నిజాం ఏలుబడిలోని ఊళ్లయితే సంవత్సరం ఫసలీలో ఉండొచ్చు. దానికి 590 కలపాలి. ఫసలీ 1350 అంటే 1940 అక్టోబరు నుంచి మరుసటి ఏడాది దాకా.

తర్వాత హెడ్మాస్టరుగారి కోటు. పై జేబు ఆయన ఎడమ వైపు, గుండె మీద ఉందా లేదా? కుడివైపు ఉంటే నెగెటివ్ తిరగేసి ప్రింటు వేశారన్నమాట. అప్పుడు 'ఎడమ నుంచి కుడికి' అని అచ్చయిన పేర్లన్నీ తారుమారవుతాయి, ఒకరి తాత ఇంకొకరి తాత అయిపోతాడు. ఆ పైన పాదాలు. ఫుట్‌బాల్ టీములో ఎవరికీ బూట్లు లేవని పేదబడి అనుకోకూడదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన దేశపు జట్టులోనే ఎక్కువమంది ఉత్త కాళ్లతో ఆడారు.

నన్ను ఎక్కువకాలం పట్టి ఉంచింది ఒక బాల్ బ్యాడ్మింటన్ ఫొటో. పసుపు ఉన్ని బంతితో, అటు అయిదుగురు ఇటు అయిదుగురు ఆడే ఆట. మన ఊళ్లలో ఒకప్పుడు దానికి ఎంత ఊపు ఉండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. 1970లో ఆ ఆటకు అర్జున అవార్డు అందుకున్న జమ్మలమడక పిచ్చయ్య మనవారే. ఫొటోలో అయిదుగురి పేర్లూ ఉన్నాయి, ఇంటిపేరు మాత్రం ఒక్క పొడి అక్షరం. 'కె' అంటే ఎన్ని ఇంటిపేర్లు! బడి అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, వృత్తి ఉంటాయి కాబట్టి నలుగురు తేలారు. (పుట్టినతేదీని మాత్రం నమ్మను. మాస్టార్లు చేర్చుకునేటప్పుడు వేసిన జూలై 1లు మన బళ్లలో కొల్లలు.)

అయిదోవాడి కోసం, ఆ రోజుల్లో అదే కోర్టులో ఆడిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన అయిదోవాణ్ని చూడనే లేదు. వేలు తిన్నగా కుడి అంచుకు వెళ్లింది. అక్కడ వరుసకు కాస్త ఎడంగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తలపాగా, భుజం మీదుగా బంట్రోతు డవాలీ, దాని మీద ఇత్తడి బిళ్ల. చేతిలో చుట్టిన నెట్టు. కింద ఆయన పేరు లేదు.

"ఈయన లేకపోతే ఆట ఎక్కడిది నాయనా? మేం వచ్చేసరికి సున్నంతో గీతలు గీసి, నెట్టు కట్టి, నీళ్లు చల్లి ఉంచేవాడు. బంతి పిగిలితే ఉన్ని చుట్టి మళ్లీ కుట్టేవాడు" అన్నారు. పేరు చెప్పారు, పేట చెప్పారు. ఆ నెట్టు మనిషి మనవరాలు అదే ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. తాతను చూసి ఎరగదు. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. భూతద్దం ఇస్తే ముఖం వదిలేసి చెవులు చూసింది. "మా నాన్నవే అండీ" అంది.

ఆ పేట నుంచి ఆ బడికి వచ్చిన పిల్లల పేర్లు రిజిస్టరులో ఉన్నాయి. టీము ఫొటోల్లో వాళ్లెవరూ లేరు. నెట్టు కట్టే మనిషికి ఫొటోలో చోటు దొరికింది కానీ ఆయన పిల్లలకు ఆటలో దొరకలేదు. ఊరి చరిత్ర రాసేవాళ్లు కప్పుల జాబితాతో పాటు ఇదీ రాయాలి.

పేర్లు తేలాక ఫొటో వెనక పెన్నుతో రాయొద్దు, సిరా ముందువైపుకు దిగుతుంది. ఫొటో మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, తలల చుట్టూ గీతలు గీసి, విడిగా తీసి పెన్సిలుతో పేర్లు నింపాలి. బడికి ఒక కాపీ, ఫొటోలో ఉన్న ప్రతి ఇంటికీ ఒక కాపీ ఇవ్వాలి.

ఆడపిల్లల టీములు ఇంకా కష్టం. పెళ్లితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది. నా దగ్గర బందరు వైపు నుంచి వచ్చిన ఒక టెన్నికాయిట్ ఫొటో ఉంది. జడలు ముందుకు వేసుకుని, ఓణీలు బిగించి కట్టి, రబ్బరు రింగులు పట్టుకుని కూర్చున్న అమ్మాయిలు. ఒక్క పేరూ తేలలేదు. మీ ఇంట్లో బామ్మగారో అమ్మమ్మగారో బందరులో చదువుకుని ఉంటే, బడిలో రింగు ఆడేవారా అని ఈ వారం అడిగి చూడండి. అవునంటే ఫొటో పట్టుకుని నేనే వస్తాను.