విమలరత్నలేఖయందలి వీడ్కోలు

సంస్కృతవాఙ్మయమున లేఖ యను పేరఁ బరగు కావ్యభేద మొకటి కలదు. భామహుఁడు గాని దండి గాని కావ్యభేదములను లెక్కించుచో దీనికి వేఱుగాఁ జోటొసఁగలేదు. అయినను నాగార్జునుని సుహృల్లేఖయు, మాతృచేటుని మహారాజకనికలేఖయు, చంద్రగోమి శిష్యలేఖయు నొక్కదారిని నడచిన రచనలని చదివినవారికి స్పష్టముగాఁ దెలియును. వీనిలో మొదటిది శాతవాహనరాజున కుద్దేశింపఁబడిన దని ప్రసిద్ధి యగుటచే నాంధ్రుల కాత్మీయము. క్రీ. శ. 7వ శతాబ్దమున భరతఖండమునకు వచ్చిన చీనాభిక్షువు ఇత్సింగు, దీనిని విద్యార్థులు చదువు మొదటిదినములలోనే కంఠస్థము చేయుచుండిరని వ్రాసియున్నాఁడు.

ఈ జాతికి నాలుగు లక్షణములు పొడకట్టుచున్నవి. శ్లోకబద్ధమగుట మొదటిది. పేరుగల యొక వ్యక్తి సంబోధ్యుఁడగుట రెండవది. ధర్మోపదేశము ప్రధానమగుట మూఁడవది. వ్రాయువాఁడును జదువువాఁడును వేర్వేఱు తావుల నుండుట నాలవది. మొదటి మూఁడును గ్రంథముపైననే కనఁబడును. నాలవది మాత్రము మాటలలోఁ గానరాక, లోననుండి పనిచేయును. విమర్శకుని కదియే ముఖ్యమని నా యభిప్రాయము. దీపంకరశ్రీజ్ఞానుని విమలరత్నలేఖను దీసికొని యీ నాలవలక్షణ మెట్లు కావ్యార్థమును నిర్ణయించుచున్నదో యిందు విచారించెదను.

దీపంకరశ్రీజ్ఞానుఁడు క్రీ. శ. 982లో వంగదేశమునఁ బుట్టినవాఁడు. టిబెట్టువా రతిశుఁ డని యాతనిఁ గొనియాడుదురు. సువర్ణద్వీపమునకు సముద్రముమీఁద నేఁగి, ధర్మకీర్తి యను నాచార్యుని సన్నిధిని పండ్రెండేండ్లు చదివి, మరలివచ్చి విక్రమశిలామహావిహారమునఁ బ్రధానాచార్యులలో నొకఁడై వెలసెను. పశ్చిమటిబెట్టునందలి గూగే రాజ్యమునేలిన జ్ఞానప్రభుఁడును, వానివంశీయుఁడు బోధిప్రభుఁడును దమదేశమునకు రావలసినదని యాతనిని వేఁడుకొనిరి. జ్ఞానప్రభుఁడు శత్రువులకుఁ జిక్కి, తన్ను విడిపించుటకై కూర్చిన బంగారమును పండితుని రప్పించుటకు వెచ్చింపుఁడని చెప్పి చెఱలోనే ప్రాణములు విడిచెనని యాదేశపు చరిత్రకారు లందురు. ఆ విన్నపమును వహించి వచ్చినవాఁడు జయశీలుఁ డను టిబెట్టుభిక్షువు. మూఁడేండ్లలో నాచార్యుని మరల విక్రమశిలకుఁ జేర్తునని యాతఁడు విహారస్థవిరునకు మాట యిచ్చెను. 1040లో ఏఁబదియెనిమిదేండ్ల యీడున దీపంకరుఁడు విక్రమశిలను విడిచెను.

త్రోవలో నేపాళమున సుమా రొకయేఁడు నిలువవలసివచ్చెను. అచ్చటనే తోడివచ్చిన ద్విభాషి వీర్యసింహుఁడు మృతుఁడయ్యెను. తన నాలుకయే తెగిపోయిన ట్లాచార్యుఁడు విలపించెనని టిబెట్టుకథనము. ఆ నేపాళమునుండియే మగధాధిపతియగు నయపాలునకు శ్లోకరూపమున నొక లేఖ పంపెను. అదియే విమలరత్నలేఖ. దాని సంస్కృతమూలము నష్టమయ్యెను. టిబెట్టు తంజూరు సంపుటములలో ననువాదరూపమున నిలిచియున్నది. ముగింపువాక్యమున రాజు పేరు నిర్యపాలుఁ డని కానవచ్చుచున్నను, నయపాలుఁడే యాతఁడని పరిశోధకులు గ్రహించిరి. 1893లో శరచ్చంద్రదాసును, 1967లో అలకా చట్టోపాధ్యాయయుఁ బ్రకటించిన గ్రంథములవలన నీ వృత్తాంతమంతయు నాధునికపాఠకుల కందుబాటులోనికి వచ్చినది.

ఇఁక లేఖలోని విషయము. గురువందనమైన పిదప, మగధలోఁ బుట్టి, ధర్మమును వ్యాపింపఁజేయుచు, ధర్మానుసారముగ రాజ్యమేలుచున్నవాఁడని రాజును బ్రశంసించును. పిమ్మట నుపదేశము మొదలగును. సంశయమును నిద్రను సోమరితనమును విడువవలెను. ఇంద్రియద్వారములను గాపాడుకొనవలెను. తన చిత్తమును మాటిమాటికిఁ దానే పరీక్షించుకొనవలెను. తన దోషములను వెల్లడించి పరుల దోషములను వెదకకుండవలెను. తన గుణములను దాఁచి యితరుల గుణములను జాటవలెను. లాభమునకు నాసపడరాదు. అల్పముతోఁ దృప్తిపడవలెను. చేసిన మేలు మఱవరాదు. సారాంశ మింతియే. ప్రయాణవర్ణనము లేదు. కాలినడకల శ్రమ లేదు. ద్విభాషి మరణము లేదు. మరల వచ్చెదనన్న మాటయు లేదు.

దీనిఁ జదివినవారు రెండువిధములఁ బొరపడుటకుఁ దావు కలదు. ఇది యెండు నీతియే కాని కావ్యము కాదని త్రోసివేయుట యొకటి. జీవితచరిత్రలలోని కన్నీటిని దెచ్చి లేఖలోఁ బోసి, ప్రతిపదమునందును విరహమున్నదని పొగడుట రెండవది. మొదటివాఁడు గ్రంథమును నిమిత్తమునుండి తెంచుచున్నాఁడు. రెండవవాఁడు నిమిత్తమునే గ్రంథమనుకొనుచున్నాఁడు. మొదటిదానికంటె రెండవది మఱింత యపాయకరము. ఏలన, మొదటివానికి గ్రంథము చూపి సమాధానము చెప్పవచ్చును. రెండవవాఁడు గ్రంథమును జూడనే చూడఁడు.

నిజమునకు లేఖలో నేమున్నది? వ్యాకరణమర్యాదను జెప్పెదను. పాణిని మతమున విశ్లేషము గలిగినపుడు దేనినుండి విశ్లేషమో, ఆ యవధియైనది యపాదానము. అది కదలక యుండవలెనను నియమము లేదు. పరుగెత్తు గుఱ్ఱముమీఁదనుండి పడినవానికి నా గుఱ్ఱమే యపాదానమని వైయాకరణు లుదాహరింతురు. దానక్రియచే నెవ్వనిని జేరఁగోరుదుమో యాతఁడు సంప్రదానము. ఇచట దీపంకరుని ప్రయాణక్రియకు నయపాలుఁ డపాదానము, విడువఁబడినవాఁడు. లేఖ నంపుట యను క్రియకు నాతఁడే సంప్రదానము, ఇయ్యఁబడినవాఁడు. ఒక్క వ్యక్తియే రెండు క్రియలను బట్టి రెండు కారకములైనాఁడు. లేఖ మొదటిక్రియను గూర్చి యొక్క మాటయైన నాడక రెండవదానినే పలుకుచున్నది. విడిచిపోయితినని చెప్పుటకు బదులు, విడిచిపోవుటవలనఁ గలిగిన లోటును బూరించు దానినిఁ బంపుచున్నది. వీడ్కోలీ కావ్యమున వాచ్యము కాదు, వ్యంగ్యము.

వ్యంగ్యమని యూరక యనరాదు. వ్యంజకమును జూపవలెను. ఉపదేశములను మరలఁ జూడుఁడు. చిత్తమును దానే పరీక్షించుకొనుట, దోషములను దానే కనిపెట్టుట, సోమరితనమును దానే వదలించుకొనుట. ఇవి యన్నియు దగ్గఱనున్న గురువు శిష్యునకుఁ జేయవలసిన పనులు. దోషమును జూపుటకుఁ బ్రక్కన గురువున్నచో, నీ దోషమును నీవే వెదకుకొమ్మని నొక్కి చెప్పవలసిన యగత్యము తక్కువ. ఆచార్యుఁడు తన పనిని శిష్యుని చేతికే యప్పగించి పోవుచున్నాఁడు. పశ్చిమదేశపు కర్ణరాజునకును నయపాలునకును బోరు పొసఁగినపుడు దీపంకరుఁడే నడుమఁ జొచ్చి సంధి చేసెనని టిబెట్టువారు చెప్పుదురు. అట్టి మధ్యవర్తి యిఁక నుండఁడు. పరదోషములను వెదకవలదన్న సామాన్యనీతి యప్పుడా రాజునకు సామాన్యముగా వినఁబడియుండదు.

ఇందుల కొక యాక్షేపము కలదు. ఈ యుపదేశములలోఁ బెక్కు లాయాచార్యునిదే యగు బోధిసత్త్వమణ్యావళిలోను గలవు. ఎల్లరకుఁ జెప్పిన మాటలనే రాజునకుఁ బంపినపుడు వానిలో నొక వ్యక్తికిఁ జెప్పిన వీడ్కోలెట్లు వ్యంగ్యమగును? ఈ యాక్షేపము బలమైనదే. కాని దీనికి సమాధానము శాస్త్రముననే యున్నది. సైంధవము తెమ్మనఁగా భోజనకాలమున నుప్పనియుఁ బ్రయాణకాలమున గుఱ్ఱమనియు నర్థము. శబ్ద మొక్కటియే. ప్రకరణ మర్థమును నిర్ణయించుచున్నది. మణ్యావళిలోని వాక్య మెల్లరకు నియమము. అదియే వాక్యము, వెళ్లిపోవుచున్నవాఁడు నిలిచియున్నవానికిఁ బంపినపుడు, పాథేయము. వెళ్లువాఁడు నిలుచువానికిఁ బాథేయ మిచ్చుటయే యీ లేఖలోని వింత.

మాతృచేటుని లేఖతోఁ బోల్చిన నిది మఱింత విశద మగును. కనికరాజు రమ్మని పిలువఁగా, వార్ధకముచేతను రోగముచేతను రాఁజాలనని మన్నింపు వేఁడి మాతృచేటుఁడు లేఖ వ్రాసెను. వెళ్లలేనివాఁడు పిలిచినవానికి వ్రాసిన దది. వెళ్లినవాఁడు విడిచినవానికి వ్రాసిన దిది. మాతృచేటుఁడు రాలేకపోవుటను బైకిఁ జెప్పుకొనెను, కావున నాతని లేఖలో దైన్యము వాచ్యముగాఁ గలదు. తుదిని మృగములయెడ దయ చూపుమని వేటనుగూర్చి చేసిన ప్రార్థన యా దైన్యమువలననే హృదయమును దాఁకును. కావ్యశోభలో మాతృచేటునిదే మిన్న యని యొప్పుకొనవలెను. దీపంకరుని లేఖలో నుపమానములు తక్కువ. చెప్పినదే మరలఁ జెప్పుట కలదు. విధివాక్యముల వరుస కొన్నియెడల విసుగుఁ బుట్టించును. శబ్దాలంకారములను గూర్చి యేమియు ననుటకు వీలులేదు, మూలము లేదు గావున. అనువాదమునుండి సంస్కృతశ్లోకములను దామే కట్టి, వాని సొంపును మూలకర్త కంటఁగట్టుట విమర్శకులకుఁ దగదు.

వీడ్కోలిట్లుండఁగా, దూరదేశమున నాతఁ డనుభవించిన యానంద మెట్టిది? జీవితచరిత్రలు దానిని విరివిగా వర్ణించినవి. సరిహద్దున నెదురువచ్చినవారు తేనీరొసఁగఁగా నాతఁడు దానినిఁ గల్పవృక్షరసముగా మెచ్చుకొనెనఁట. 1042లో గూగే చేరినపిమ్మట, ఎనుబదియైదేండ్ల మహానువాదకుఁడు రత్నభద్రుఁడు తన పాండిత్యమును బ్రక్కకునెట్టి యాతని యుపదేశము స్వీకరించెను. సమ్యేవిహారపు గ్రంథాలయమున, భారతదేశమునఁ దా నెన్నఁడు నెఱుఁగని సంస్కృతపుస్తకములను జూచి యాశ్చర్యపడెను. తనదేశపు పుస్తకమును బరదేశమునఁ జూచిన పండితుని సంతోషము పండితులకే తెలియును.

రచనలలో నీ సంతోష మెక్కడ నున్నది? అదియు వ్యంగ్యమే. తోలింగు విహారమున వ్రాసిన బోధిపథప్రదీపమున మంగళశ్లోకముననే, బోధిప్రభుఁడను సచ్ఛిష్యుఁడు ప్రార్థింపఁగా దీనిని రచించుచున్నానని చెప్పికొనెను. అఱువదియెనిమిది శ్లోకముల యా చిన్నగ్రంథమునకుఁ దరువాతి టిబెట్టుధర్మవాఙ్మయమంతయు నొక విధముగ వ్యాఖ్యానమని చెప్పవచ్చును. వాద మొనర్పఁగోరని, గూఢవిషయములను గాక యెల్లరకు నుపయోగించు దానిని జెప్పుమని యడిగిన శిష్యుఁడు దొరకుట యాచార్యునకుఁ గలిగిన లాభము. ఆ లాభము నాతఁడు శిష్యుని పేరు మొదటిశ్లోకమునఁ బెట్టి ప్రకటించెను. లేఖలో రాజును బ్రశంసించుటయుఁ, బ్రదీపమున శిష్యుని బేర్కొనుటయు నొక్కరీతివే. ఆ కవి యనురాగమును దెలుపు తీ రిది: పేరు చెప్పును, వెనువెంటనే పనిలోఁ బడును.

మూఁడేండ్ల గడువు తీఱినది. మరలుటకై పురాంగు వఱకు వచ్చునప్పటికి నేపాళమార్గమునఁ గలహములు రేఁగి త్రోవ మూసికొనెను. ఆ సమయముననే డ్రోంతోను అను గృహస్థశిష్యుఁడు చేరి మధ్యటిబెట్టునకు రమ్మని ప్రార్థించెను. విక్రమశిలకు లేఖలు నడచెను. ఆచార్యుఁడు మరల రాలేదు. పెక్కేండ్లు సేవించిన జయశీలుఁడు తనయూరికిఁ బోవుటకు సెల వడిగినపుడు, ఇఁకఁ దుషితలోకమునఁ గలిసికొందమని యాతని కభయమిచ్చెనని చెప్పుదురు. రెండు పొట్టేళ్లు తాఁకి వెనుకకుఁ దొలఁగునపుడు ప్రతిపొట్టేలును రెండవదానికి నపాదానమే యని భర్తృహరి విచారించినాఁడు. ఈ యెడఁబాటునందు నట్లే యిద్దఱును గదలినవారు, ఇద్దఱును విడువఁబడినవారు. 1054లో న్యేథాంగున దీపంకరుఁడు దేహము చాలించునప్పటికి జయశీలుఁడు దగ్గఱ లేఁడు. అటుపిమ్మట నాతఁడు గురువు రూపమును భారతీయచిత్రకారునిచే వ్రాయించి, దానివెనుక నెనుబది శ్లోకముల స్తోత్రమును వ్రాసెను. లేఖతోఁ బ్రారంభమైన వియోగవాఙ్మయమునకు స్తోత్రము ప్రత్యుత్తరము. ఆచార్యుఁడు మాటలోఁ గనఁబడనీయని దుఃఖము శిష్యుని కవిత్వమున బయలుపడినది. 1978లో దీపంకరుని యస్థిభస్మములో నొకభాగము ఢాకానగరపు ధర్మరాజికవిహారమునకుఁ దేఁబడెను. విక్రమశిలకుఁ జెప్పిన మూఁడేండ్ల మాట తొమ్మిదివందల యేండ్ల పిమ్మట నంతమాత్రము నెఱవేఱినది.

మన పాఠశాలలలో నీతిశ్లోకములను జెప్పించుచో నెవ్వ రెవ్వరికి నే సమయమునఁ బలికిరో యను ప్రశ్న తఱచుగా నడుగఁబడదు. అందుచే బాలురకు నీతి యనఁగాఁ దండ్రి లేని మాటగాఁ దోఁచుచున్నది. సంబోధ్యునిఁ జూపినచో నదియే శ్లోకము కావ్యమై నిలుచును. కావున లేఖకు లక్షణము చెప్పవలసివచ్చిన, దూరస్థుఁడగు నొక్కని కుద్దేశింపఁబడి, తన సన్నిధి లేమిని దాఁచుచు, దానికి బదులుగా నుపయోగించు నుపదేశము నిచ్చు పద్యబంధము లేఖ యని నే ననెదను. ఈ లక్షణము సుహృల్లేఖకుఁ బట్టునో పట్టదో శాతవాహనవిషయమునఁ గృషిచేసిన పెద్దలు పరీక్షించి తెలుపుదురుగాక.