తిరుమల మెట్లదారిలో ఆయాసం: రెండు పాఠాల పరిశీలన

1. ఉపోద్ఘాతం

సంస్కృతంలో 'ఆయాసం' అంటే శ్రమ, ప్రయాస. తెలుగు వాడుకలో అది ఊపిరి అందకపోవడానికి పేరైంది. శ్రమకూ ఊపిరికీ ఉన్న ఈ సంబంధం తిరుపతిలో నిత్యం పరీక్షకు వస్తుంది. అలిపిరి నుంచి తిరుమలకు 3550 మెట్లు. చంద్రగిరి వైపు శ్రీవారి మెట్టు మార్గంలో 2388 మెట్లు. ఈ కొండ ఎక్కుతూ అలసిన శరీరాన్ని గురించి చెప్పిన పాఠాలలో రెండింటిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మొదటిది తాళ్లపాక చిన్నన్న ద్విపద కావ్యం 'అన్నమాచార్య చరిత్రము'. రెండోది కాలినడక భక్తుల కోసం 2024లో తిరుమల తిరుపతి దేవస్థానం వెలువరించిన ఆరోగ్య సూచన. ఆయాసానికి ఏ పాఠం ఏ కారణం చెప్పింది, ఆ కారణం ఎంతవరకు నిలుస్తుంది అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

2. చిన్నన్న కావ్యం: చెప్పుల దోషం

బాలుడైన అన్నమయ్య కొండ ఎక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గర ఆకలితో, అలసటతో సొమ్మసిల్లుతాడు. అలమేలుమంగ పెద్ద ముత్తైదువగా వచ్చి, సాలగ్రామమయమైన కొండను చెప్పులతో ఎక్కడమే కారణమని చెబుతుంది. ఆ తర్వాత ప్రసాదం తినిపిస్తుంది. ఇక్కడ కారణం ఆచారానికి సంబంధించినది. అయితే కవి బాలుని ఆకలినీ అలసటనూ దాచలేదు. దోషం చెప్పిన తల్లే అన్నం పెట్టింది; వెనక్కి పొమ్మనలేదు. ఈ ఘట్టానికి బలం ఇక్కడే ఉంది.

3. ఆరోగ్య సూచన: గాలి దోషం

2024 నాటి సూచన అరవయ్యేళ్లు దాటినవారిని, దీర్ఘవ్యాధులున్నవారిని హెచ్చరించింది. ఊబకాయం, గుండెజబ్బు ఉన్నవారు నడిచి రావడం మంచిది కాదని చెప్పింది. కొండ ఎత్తు వల్ల ఆక్సిజన్ తక్కువగా ఉండడాన్ని కారణంగా చూపింది. మెట్లదారిలో గుండెపోటు మరణాలు జరిగినందున ఈ జాగ్రత్త అవసరమే. దారిలో వైద్య సహాయం దొరికే చోట్లను తెలపడం కూడా మెచ్చదగినది.

అయితే చూపిన కారణం ఊబకాయం విషయంలో సరిపోదు. తిరుమల ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. అక్కడ గాలి పీడనం సముద్రమట్టం కంటే దాదాపు పదో వంతు తక్కువ. ఆరోగ్యవంతుల రక్తంలోని ఆక్సిజన్ దీనివల్ల పెద్దగా తగ్గదు. పైగా ఊబకాయానికి సూచనలో కొలత లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ శరీర ద్రవ్యరాశి సూచీ 30ని హద్దుగా తీసుకుంటే, భారతీయులకు వైద్యులు 25నే హద్దుగా సూచిస్తున్నారు. సూచీ 27 ఉన్న భక్తురాలు ఒక లెక్కన ఊబకాయురాలు, మరో లెక్కన కాదు.

4. శరీరం చెప్పే కారణం: బరువు

పొట్ట, ఛాతీ చుట్టూ చేరిన కొవ్వు డయాఫ్రమ్ కదలికను అడ్డుకుంటుంది. మామూలుగా ఊపిరి వదిలిన తర్వాత ఊపిరితిత్తుల్లో మిగిలే గాలి తగ్గుతుంది. శ్వాస పైపైన, త్వరత్వరగా సాగుతుంది. అయినా మొదటి సెకనులో బలంగా వదిలే గాలికీ, మొత్తం వదిలే గాలికీ ఉన్న నిష్పత్తి సాధారణంగా మారదు. అంటే ఉబ్బసంలో లాగా గాలి గొట్టాలు మూసుకుపోవడం ఇక్కడ ప్రధాన సమస్య కాదు.

ఏరోబిక్ సామర్థ్యం విషయంలోనూ కొలిచే పద్ధతే తీర్పును మారుస్తుంది. నిమిషానికి శరీరం వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్‌ను లీటర్లలో లెక్కిస్తే ఊబకాయం ఉన్నవారు తరచుగా ఇతరులకు తీసిపోరు. దాన్ని కిలో బరువుకు లెక్కగట్టినప్పుడే తక్కువగా కనిపిస్తుంది. 60 కిలోల మనిషితో పోలిస్తే 90 కిలోల మనిషి అదే ఎత్తుకు ఒకటిన్నర రెట్ల బరువును మోసుకెళ్లాలి. మెట్టు మెట్టుకూ జరిగే ఈ అదనపు పనే రొప్పుగా వినిపిస్తుంది. క్రమబద్ధమైన నడక సాధనతో, బరువు పెద్దగా తగ్గకపోయినా, ఈ సామర్థ్యం పెరుగుతుంది.

5. ముగింపు

కావ్యం చెప్పులను, సూచన గాలిని కారణంగా చూపాయి. లావుపాటి మనిషి రొప్పును నవ్వుకు వాడుకునే తెలుగు సినిమా హాస్యం సోమరితనాన్ని చూపుతుంది. మోసే బరువును ఈ మూడూ గుర్తించలేదు. ఈ తేడా చిన్నది కాదు. కాలినడక మొక్కుకున్న మనిషికి గాలి చాలదని చెబితే మిగిలేది బస్సు ఒక్కటే. బరువే కారణమని చెబితే ముందుగా వైద్య పరీక్ష, కొన్ని వారాల సాధన, నెమ్మదిగా ఎక్కడం, మధ్యమధ్య కూర్చోవడం అనే దారి తెరుచుకుంటుంది. ఆరోగ్య సూచన కూడా ఒక రచనే. అది వద్దని చెప్పడంతో పాటు ఎలా సిద్ధపడాలో చెప్పినప్పుడు, అలమేలుమంగ ప్రసాదం చేసిన పని చేసినట్లవుతుంది. 'ఆయాసం' అన్న మాటకు ఉన్న శ్రమ అనే తొలి అర్థాన్ని గుర్తు చేసుకోవడం అందుకు మొదటి మెట్టు.