నేరవిచారమున సిద్ధాంతముయొక్క స్థానము

చోరత్వము పుట్టుకతో వచ్చునా, నేర్చుటచేతఁ గలుగునా యను ప్రశ్నము మన వాఙ్మయమునకుఁ గ్రొత్తది కాదు. మృచ్ఛకటికమున శర్విలకుఁడు బ్రాహ్మణుఁడు. మదనికను దాస్యమునుండి విడిపించుటకై కన్నము వేసెను. దండి దశకుమారచరితమునను, 13వ శతాబ్దమున దానిఁ దెనిఁగించిన కేతన కావ్యమునను అపహారవర్మ రాజపుత్రుఁడు. లోభుల ధనము హరించుటకుఁ జౌర్యశాస్త్రము నాశ్రయించెను. ఇరువురి చోరత్వమునకును హేతువు ప్రయోజనము, అభ్యాసము, కులము గాదు. చౌర్యమును విద్యగాఁ జెప్పుటలో నొక సిద్ధాంతము గర్భితమై యున్నది: నేర్చినదానిని మానవచ్చును.

1871లో ఆంగ్లప్రభుత్వము చేసిన నేరస్థజాతుల చట్టము దీనికి విరుద్ధము. ఆ చట్టము జన్మమునే సాక్ష్యముగాఁ గొనెను. 1876లో లాంబ్రోసో యిటలీలోఁ బ్రకటించిన గ్రంథమును నేరమును దేహలక్షణములందు వెదకెను. 1911 చట్టముతో నీ శాసనము చెన్నరాజధానికిని వచ్చెను. గాడిదలమీఁద నుప్పు, ధాన్యము తోలి యమ్ముకొనుచుండిన యెఱుకలవారి జీవనము రైలుమార్గములవలనను, ఉప్పుపన్నువలనను జెడినది. ఆ కారణము నెవ్వరు నడుగలేదు. బాపట్లచెంత స్టూవర్టుపురమున సాల్వేషను ఆర్మీవారి యధీనమున వారిని నిలిపిరి. చట్టము 1952లో రద్దయ్యెను. అనుమానము దానితోడనే పోలేదు.

1939లో అమెరికాపండితుఁడు సదర్లాండు, నేరము సహవాసముచే నేర్వఁబడునని ప్రతిపాదించెను. మన కవుల తలంపునకు ఇది సమీపము. అయినను ఇదియుఁ జాలదు. నేఁటి జనగామ జిల్లాలోని పాలకుర్తిలో, 1940 దశకమున, చాకలి ఐలమ్మ కౌలునకుఁ జేసిన పొలముపంటను విసునూరు దేశముఖు తనదని కోయింపఁబూనెను. సంఘమువారు దానిని ఐలమ్మ యింటికిఁ జేర్చిరి. ఆ ధాన్యము మోసినవారు చోరులా, రక్షకులా? ఇచట జన్మవాదమును, అభ్యాసవాదమును మూఁగవోవును. నేరమని పేరు పెట్టు నధికార మెవరిదను ప్రశ్నమే మిగులును. 1963లో బెకరు గ్రంథము దీనినే ప్రధానముగాఁ జేసెను. ఇదియుఁ బూర్ణము కాదు. సొమ్ము పోయినవాని నష్టము పేరువలనఁ గలిగినది గాదు.

కాఁబట్టి యే సిద్ధాంతము నయినను అది విధించు చికిత్సనుబట్టి పరీక్షింపవలెను. జన్మము హేతువన్నచోఁ గాపలాయే మందు. అభ్యాసమన్నచో విద్యయు వృత్తియు. అధికారమన్నచో న్యాయవ్యవస్థయొక్క విచారణ.

శర్విలకుఁడు యజ్ఞోపవీతముతోఁ గన్నము కొలుచుట పాఠశాలలో హాస్యముగాఁ జెల్లుచున్నది. ఎఱుకలవాని చేతిలోని త్రాడు నేరసాధనమెట్లయ్యెనో, పండితుఁడు తన శిష్యుల నా ఘట్టముకడనే యడుగవలసి యున్నది.