మా వీధి కబురు ఎవరు రాస్తారు?

మా ఇంట్లో పేపరు మానేసి ఆరు నెలలైంది. "అన్నీ ఫోన్లో వస్తున్నాయిగా, దండగ" అన్నారు మావారు. నేనూ సరేనన్నాను. అలమారలో పరుచుకోవడానికి కాగితం లేదన్న చింత తప్ప, అప్పుడు వేరే లోటేమీ తోచలేదు.

మొన్న మా వీధిలో నాలుగు రోజులు కుళాయి రాలేదు. ఫోను తెరిస్తే అమెరికా సంగతులున్నాయి, సినిమా తారల పెళ్ళిళ్ళున్నాయి, మా కుళాయి మాట మాత్రం లేదు. వీధివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ దణ్ణం బొమ్మలు పంపారు. నీళ్ళు రాలేదు! ఒకప్పుడైతే జిల్లా పేజీలో ఖాళీ బిందెల ఫోటో పడేది. మర్నాడే మునిసిపాలిటీ వాళ్ళు పరుగెత్తుకొచ్చేవారు.

బిందెడు నీళ్ళ కోసం ఇంత గొడవా అనకండి. ఊరి వార్తకున్న బలం తెలియాలంటే దూబగుంటను తలుచుకోవాలి. 1992 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలోని ఆ ఊరి ఆడవాళ్ళు, అక్షరాస్యత వాచకంలో తమ బతుకులాంటి కథే చదివి, సారా దుకాణం మూయించారు. ఆ కబురును పొలిమేర దాటించింది పత్రికలే. ఊళ్ళలోని విలేకరులు రాశారు. చదివినవాళ్ళూ, చదివించుకుని విన్నవాళ్ళూ తమ ఊళ్ళలోనూ కొంగు బిగించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

మరి పత్రికల తప్పేమీ లేదా? ఎందుకు లేదూ! మొదటి పేజీ నిండా ప్రకటన, జిల్లా పేజీల నిండా నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షలు. ఊరి విలేకరికి చాలీచాలని డబ్బిచ్చి, ప్రకటనలు కూడా నువ్వే తెమ్మంటే, ఆ ప్రకటన ఇచ్చిన పెద్దమనిషి మీద అతను ఏం రాయగలడు? 2020లో కరోనా వచ్చి ప్రకటనలు పడిపోయేసరికి ఉన్న పేజీలూ చిక్కిపోయాయి.

మన తప్పూ ఉంది. 1978లో మొదలైన చతుర, విపుల 2021లో ఆగిపోతే "అయ్యో" అనుకున్నాం. అంతకుముందు నెల సంచికలు కొన్నవాళ్ళం ఎందరం?

రేపటినుంచి పేపరు వెయ్యమని కుర్రాడితో చెప్పాను. మావారు మళ్ళీ "దండగ" అన్నారు. కానివ్వండి. డబ్బిచ్చి కొంటున్నాను కనుక, మా బిందెల ఫోటో వెయ్యకపోతే సంపాదకుణ్ణి నిలదీస్తూ ఉత్తరం రాసే హక్కు నాకుంటుంది. ఫోనును ఎవరు నిలదీస్తారు చెప్పండి?