తేటపడే దాకా ఆగే యంత్రం

ఒక మందు ఏ ద్రావణిలో, ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఎంత కరుగుతుంది? ఔషధ రసాయన శాస్త్రంలో మొట్టమొదట తేల్చుకోవలసిన ప్రశ్నల్లో ఇదొకటి. స్ఫటికాలుగా శుద్ధి చేయాలన్నా, మింగిన మాత్ర ఒంటికి పడుతుందో లేదో అంచనా వేయాలన్నా ఈ లెక్క కావాలి. రాబట్టేది ఒక్క అంకే గానీ, దాని వెనక చాకిరీ చాలా ఉంటుంది. కరిగే దానికంటే ఎక్కువ పొడి వేసి, గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి కలియబెట్టి, వడగట్టి, ఆ తేటను హెచ్‌పిఎల్‌సి అనే విశ్లేషణ యంత్రానికి ఎక్కించాలి. ప్రతి కొత్త పదార్థానికీ ముందుగా కాలిబ్రేషన్ చేసుకోవాలి. పరిశోధక విద్యార్థుల కాలం ఎంతో ఈ పనికే పోతుంది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జేసన్ హైన్ బృందం ఈ చాకిరీని యంత్రానికి అప్పగించింది. 2021లో ‘ఐసైన్స్’ పత్రికలో వచ్చిన వారి పరిశోధన పత్రం చదివితే ఆ పనితనం ఎక్కడుందో తెలుస్తుంది. పొడిని తూచి వేయడం, ద్రావణి పోయడం, కలపడం రోబో చూసుకుంటుంది. కరిగిందా లేదా అన్నది కెమెరా చూసి చెబుతుంది. పరిశోధకులు రెండు నిమిషాల లోపు వివరాలు ఇచ్చి పక్కకు తప్పుకుంటే చాలు, ఐదు ద్రావణి వ్యవస్థల్లో కెఫీన్ ద్రావణీయతను అది తనంతట తానే కొలిచింది. ఆ విలువలు చేత్తో కొలిచిన వాటితో సరిపోయాయి.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది రోబో చేయి కాదు, కెమెరాకు నేర్పిన తీర్పు. పాకం ముదిరిందో లేదో వంటచేసేవారు కంటితోనే పోల్చుకుంటారు; కరిగిందని చెప్పే రసాయన శాస్త్రజ్ఞుల చూపూ అలాంటిదే. దాన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యేలా చెప్పాలంటే అంకెల్లోకి దించాలి. కరగని రేణువులు కాంతిని చెదరగొడతాయి కాబట్టి సీసాలోని ద్రవం మసకగా కనిపిస్తుంది. కరిగేకొద్దీ ఆ మసక తగ్గుతుంది. చిత్రంలోని వెలుగు విలువల్లో ఈ మార్పును పట్టుకోవచ్చు.

అయితే కెమెరా తీర్పును ఎప్పుడు నమ్మాలి? కరిగే వేగం చివరికొచ్చేసరికి మందగిస్తుంది. ద్రావణం సంతృప్త స్థితికి దగ్గరపడేకొద్దీ కరగడం నెమ్మదిస్తుందని నోయెస్, విట్నీ అనే శాస్త్రవేత్తలు 1897లోనే సూత్రీకరించారు. తొందరపడి ఇంకాస్త ద్రావణి పోస్తే అసలు విలువను దాటిపోతాం. అందువల్ల చిత్రంలోని వెలుగు విలువ మారడం ఆగిందా అని చూసి, ఆగాకే తర్వాతి అడుగు వేయాలి.

పోసే మోతాదులోనూ ఇంతే నేర్పు కావాలి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1 గ్రాము కెఫీన్ కరగడానికి సుమారు 46 మి.లీ. నీళ్లు పడతాయి, మరిగే నీళ్లయితే 1.5 మి.లీ. చాలు. 25 డిగ్రీల దగ్గర 100 మి.గ్రా. తీసుకుని, 0.5 మి.లీ. చొప్పున నీళ్లు పోస్తున్నామనుకోండి. 4.5 మి.లీ. దగ్గర మసక మిగులుతుంది, 5 మి.లీ. దగ్గర తేటపడుతుంది. అంటే ద్రావణీయత మి.లీ.కు 20 నుంచి 22.2 మి.గ్రా. మధ్య ఎక్కడో ఉందని మాత్రమే తేలింది. అడుగు చిన్నదైతే అంతరం తగ్గుతుంది, సమయం పెరుగుతుంది. ఫలితాన్ని బట్టి తర్వాతి అడుగును సరిదిద్దుకోవడమే ఈ యంత్రం చేసే అసలైన పని.

కెమెరాకు తెలియనిది కూడా ఒకటుంది: సీసా అడుగున మిగిలిన స్ఫటికం ఏ రూపంలో ఉందన్నది. గది ఉష్ణోగ్రత దగ్గర నీళ్లలో ఉంచిన కెఫీన్, నీటిని తనలో ఇముడ్చుకుని హైడ్రేట్‌గా మారుతుంది. రూపం మారితే ద్రావణీయత మారుతుంది. దాన్ని గుర్తించడానికి ఎక్స్-రే వివర్తనం లాంటి మరో పరీక్ష తప్పదు. ఈ సంగతి పట్టించుకోకపోతే ఎంత నష్టమో రిటోనవిర్ చూపించింది. 1996లో మార్కెట్‌కు వచ్చిన ఈ హెచ్‌ఐవి మందులో 1998లో అంతకుముందు తెలియని, చాలా తక్కువ కరిగే స్ఫటిక రూపం బయటపడింది. క్యాప్సూళ్లు వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

బల్క్ డ్రగ్స్ తయారీకి పేరుపొందిన హైదరాబాద్‌కు ఈ స్ఫటికాల విద్య కొత్తది కాదు. స్ఫటికాలను కోరినట్లు రూపొందించే క్రిస్టల్ ఇంజనీరింగ్‌కు 1989లో పుస్తకరూపం ఇచ్చిన గౌతమ్ దేశిరాజు అప్పుడు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనే ఉన్నారు. స్ఫటికాల గురించి ఇక్కడ అంత జ్ఞానం పోగుపడి ఉంది. దానికి ఇలాంటి యంత్రం తోడైతే, సీసాల ముందు కాపలా కాసే విద్యార్థికి ఆ సమయం మిగులుతుంది. అంకె ఎందుకు అలా వచ్చింది, మిగిలిన స్ఫటికం మొదట వేసినదేనా అన్న ప్రశ్నలకు డాక్టరేట్ పరిశోధనలో వెచ్చించవలసిన సమయం అదే.