ఉప్పు పేరు పెట్టుకున్న పాటలు

ఒక పాట ఎవరిది అని అడిగితే రాసినవాళ్ల పేరో, పాడినవాళ్ల పేరో చెప్పి ఊరుకుంటాం. ఆ పాటలో ఎవరి నేల ఉంది, ఎవరి వాద్యం మోగింది, ఎవరి భాష లేదు అని అడగడం తక్కువ. ఫిలిప్పీన్స్‌లో ఎంతో పేరున్న జానపద రాక్ బృందం 'ఆసిన్' పాటలను మేము ఈ మూడు ప్రశ్నలు దగ్గర పెట్టుకుని విన్నాం.

ఆసిన్ అంటే టాగలోగ్ భాషలో ఉప్పు. 1970ల చివర్లో లోలిటా కార్బన్, సారో బన్యారెస్, నొనొయ్ పిల్లోరా కలిసి పాడడం మొదలుపెట్టారు. తర్వాత పెన్‌డాంగ్ అబాన్ వచ్చి చేరాడు. మొదట్లో వీళ్లకు ఇంగ్లీషు పేరే ఉండేది. దాన్ని వదిలేసి తమ దేశపు మాట ఒక్కటి పెట్టుకున్నారు. సంతలో ఉప్పు కోసం అడవి సరుకును అగ్గువకు ఇచ్చిన తాతల కథలు విన్న మనకు ఆ మాట విలువ వేరే చెప్పనక్కర్లేదు.

మొదటి ఆల్బమ్ 1978లో వచ్చింది. అప్పటికి అక్కడ మార్కోస్ సైనిక శాసనం నడుస్తోంది. 1972లో పెట్టిన ఆ శాసనాన్ని 1981 దాకా ఎత్తలేదు. పత్రికల నోరు నొక్కేసిన కాలంలో పాట కబురు మోసే పని చేసింది. వాళ్ల పాట ఒకదాని పేరే 'బలీతా', అంటే వార్త. ఆ మాట సంస్కృతం నుంచి మలయ్ భాష మీదుగా అక్కడికి చేరింది. మన 'వార్త'కు చుట్టమే. ఊరి నుంచి వచ్చినవాడు స్నేహితులను దగ్గరకు పిలిచి అక్కడి సంగతి చెబుతున్నట్టు ఆ పాట నడుస్తుంది. అందులో ఉపన్యాసం లేదు. చెప్పేవాడి దుఃఖం ఉంది, అంతే. అందుకే అది నిలబడింది.

'బాయన్ కాంగ్ సినిలాంగన్' పుట్టిన నేల గురించిన పాట. ఆ నేల దక్షిణాన మిందనావ్ దీవిలోని కొటబాటో. క్రైస్తవ వలసదారులు, ముస్లింలు, లుమాద్ ఆదివాసులు ఒకే నేల మీద బతికే చోటు అది. తుపాకుల మధ్య పెరిగినవాడి గొంతు ఈ పాటలో వినిపిస్తుంది. ఏ పక్షానికీ జై కొట్టదు. అన్నదమ్ములు ఎందుకు కొట్టుకు చస్తున్నారని అడుగుతుంది. బృందంలోని సారో బన్యారెస్ 1993లో హత్యకు గురయ్యాడు. అది తెలిశాక ఆ పాట మరోలా వినిపిస్తుంది.

అందరికీ తెలిసిన పాట 'మస్దన్ మో ఆంగ్ కపాలిగిరాన్'. చుట్టూ ఉన్న ప్రకృతిని చూడమని అర్థం. ఆ దేశంలో పర్యావరణం మాట ఎత్తితే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఇదే. ఇది అభివృద్ధిని తిట్టిపోయదు. ముందుకు వచ్చిన దూరాన్ని ఒప్పుకుంటూనే నల్లబడిన సముద్రాన్ని చూపిస్తుంది. ఇక ముందు పుట్టే పిల్లలకు ఈతకు నది, ఎక్కడానికి చెట్టు మిగులుతాయా అని అడుగుతుంది. లెక్కలు చెప్పకుండా పిల్లల ఆటలతో నష్టాన్ని కొలవడం ఈ పాటలోని బలం.

మా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. సముద్రం నల్లబడింది సరే, నల్లబరిచింది ఎవరు? పాట ఆ పేరు చెప్పదు. అదే కాలంలో ఉత్తరాన చికో నది మీద ఆనకట్టలు కట్టడానికి ప్రభుత్వం సిద్ధమైంది. తమ ఊళ్లు, పొలాలు, పూర్వీకుల సమాధులు మునిగిపోతాయని కళింగ, బొంతోక్ ప్రజలు ఎదురు తిరిగారు. వాళ్ల పెద్ద మక్లీయింగ్ దులాగ్‌ను 1980 ఏప్రిల్ 24న సైనికులు కాల్చి చంపారు. చివరికి ఆనకట్టల పథకం ఆగిపోయింది. ఆ ప్రజలకు నది అంటే 'చుట్టూ ఉన్న ప్రకృతి' కాదు, సొంత ఇల్లు. చూడమని చెప్పే పాటకూ, మాది అని చెప్పే పాటకూ తేడా ఉంది.

వాద్యాల సంగతీ అంతే. ఆసిన్ తమ దేశపు ఆదివాసీ వాద్యాలను గిటారు పక్కన కూర్చోబెట్టింది. అమెరికా పాటల మోజు నిండిన నగరంలో అది చిన్న పని కాదు. అయితే పేరు పొందిన ఆ పాటలన్నీ టాగలోగ్‌లోనే ఉన్నాయి. మిందనావ్‌లో రెండు తీగల పొడుగాటి వాద్యాన్ని చాలామంది కుద్యపి అంటారు. టిబోలీలు దాన్నే హెగెలుంగ్ అంటారు. రికార్డు మీద దానికి 'జాతి వాద్యం' అని ఒక్క ముద్ర వేస్తే ఆ పేర్లు పోతాయి, ఆ పేర్లతో పిలిచే మనుషులూ పోతారు. ప్రధాన్ల కిక్రిని సభల్లో 'గిరిజన వాద్యం' అని పరిచయం చేసినప్పుడు మనకు జరిగేది ఇదే.

అంతమాత్రాన ఆసిన్ పాటలను పక్కన పెట్టమని మేము అనడం లేదు. నియంత పాలనలో నది గురించి, యుద్ధం గురించి పాడి, లక్షల మందికి నచ్చేలా పాడినవాళ్లు వాళ్లు. గట్టిగా అరవకుండా గుచ్చుకునేలా చెప్పడం వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. వాళ్లు వదిలేసిన చోటు నుంచి మన పని మొదలు కావాలి.

ఉపాధ్యాయులు ఈ పాటలను తరగతిలో వినిపించి, వాటి పక్కనే ఊళ్లోని ముసలమ్మ పాటను కూడా పెట్టాలి. రెండూ విన్నాక పిల్లలతో మూడు మాటలు రాయించాలి: ఆ పాట ఏ వాగుది, అందులో మోగిన వాద్యాన్ని మన భాషలో ఏమంటారు, దాన్ని చేసింది ఎవరు. రేపు ఆ పాట ఎవరి రికార్డులోకి ఎక్కినా ఈ మూడు మాటలు దాని వెంట వెళ్లాలి.