డ్యూక్ హంఫ్రీ గారి విందు

ఒకప్పటి ఇంగ్లీషులో ఎవరైనా 'డ్యూక్ హంఫ్రీతో భోంచేశాడు' అంటే, ఆ పూట పస్తున్నాడని అర్థం. ఆ మాట వాడుకలోంచి పోయింది కానీ, దాని వెనకున్న మనుషులు నన్ను వదలడం లేదు.

హంఫ్రీ ఇంగ్లండు రాజు ఐదో హెన్రీకి తమ్ముడు. పుస్తకాలంటే ప్రాణం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి 280కి పైగా రాతప్రతులు ఇచ్చాడు. 1447లో రాజద్రోహం మోపి నిర్బంధిస్తే, కొద్ది రోజులకే పోయాడు. సెయింట్ ఆల్బన్స్‌లో సమాధి చేశారు. లండన్ జనం మాత్రం తమ సెయింట్ పాల్స్ చర్చిలోని ఒక సమాధిని ఆయనదే అనుకున్నారు. అది జాన్ బీచమ్ అనే వేరే వీరుడిదని 1598లో చరిత్రకారుడు జాన్ స్టో రాసినా, దానికి హంఫ్రీ పేరే నిలిచిపోయింది.

ఆ రోజుల్లో ఆ చర్చి లోపలంతా సంతలా ఉండేది. లాయర్లు, పని కోసం నిలబడ్డ నౌకర్లు, కబుర్లరాయుళ్లు అందరూ అక్కడే. భోజనాల వేళకు డబ్బున్నవాళ్లు పూటకూళ్ల ఇళ్లకు వెళ్లేవారు. లేనివాళ్లు ఆ సమాధి పక్కన పచార్లు చేస్తూ పొద్దుపుచ్చేవారు. చచ్చిపోయిన ప్రభువు విందుకు పిలిచాడని లోకం వాళ్లను చూసి నవ్వింది.

1609లో రచయిత థామస్ డెకర్ షోకిలాలకు వెటకారంగా ఒక ఉపాయం చెప్పాడు: తిన్నా తినకపోయినా సరే, మధ్యాహ్నం దాటాక అక్కడికి వచ్చి, ఈకపుల్లతోనో వెండిపుల్లతోనో నలుగురూ చూసేలా పళ్లు కుట్టుకోవాలట! 1666 లండన్ అగ్నిప్రమాదంలో ఆ చర్చి కాలిపోయింది. వెక్కిరింత మాత్రం 1840ల్లో డికెన్స్ రాసిన 'మార్టిన్ చజిల్‌విట్' నవల దాకా బతికింది.

మన 'మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె' కూడా ఈ కోవలోదే. రెండూ కడుపు నిండినవాళ్లు పుట్టించిన మాటలే. ఆ పుల్ల పట్టుకున్నవాడి గోడు వేరు. పస్తున్న సంగతి బయటపడితే పని ఇచ్చేవాడూ, అప్పు ఇచ్చేవాడూ మొహం చాటేస్తారు. ఉన్న ఒక్క పరువునీ వాడు అలా కాపాడుకున్నాడు. నాకు అందులో నవ్వాల్సిందేమీ కనిపించదు.

మా పెద్దవాళ్లు వేళకు వచ్చినవారిని 'భోంచేశారా?' అని అడిగేవారు కాదు. 'కాళ్లు కడుక్కోండి, వడ్డించేస్తున్నా' అనేవారు. అడిగితే అభిమానం గల మనిషి 'ఇప్పుడే తినొచ్చానండీ' అంటాడని వాళ్లకు తెలుసు. అన్నం పెట్టడంలో వంట సగమే. ఆకలి సంగతి అవతలివాడి నోట చెప్పించకుండా పెట్టడం మిగతా సగం. ఉద్యోగాల వేటలో అద్దె గదుల్లో ఉంటూ, ఫోన్లో 'తిన్నానమ్మా' అని చెప్పే పిల్లలు ఇప్పుడూ మన చుట్టూ ఉన్నారు. వాళ్లు మన గడప తొక్కినప్పుడు ప్రశ్నలు వద్దు. ముందు కంచం పెడదాం.